చెప్పులతో గోదాలోకి దిగే చదువు

నాకు చదువు లేదు. పేరు రాయడం వచ్చు, అదీ చెయ్యి వణకని రోజున. నేను చెబుతుంటే మా చెల్లెలి మనవరాలు రాస్తోంది. ఆ పిల్ల డాక్టరు చదువు పూర్తి చేసింది. ఇప్పుడు ఆటలాడే వాళ్ళకూ కసరత్తు చేసే వాళ్ళకూ వైద్యం చెయ్యడం నేర్చుకోవడానికి వెళుతోంది. దానికి విడిగా చదువుందట, పట్టా కూడా ఇస్తారట. "ఇది కొత్త చదువు అమ్మమ్మా" అంది. కొత్తదేమీ కాదు, పెద్ద యుద్ధం అయిపోయిన రోజుల్లో నరసరావుపేటలో రెండు గదుల్లో ఆ చదువు నడిచింది, ఆ గదులు ఊడ్చింది నేనే అన్నాను. అయితే చెప్పు, రాస్తానంది.

చెబుతున్నాను. నా మాట మోటుగా ఉంటుంది. దిద్దవద్దని చెప్పాను గానీ, దిద్దుతూనే ఉంది, చూస్తున్నాను. నాకు జీతమెంత, సెలవులెన్ని, ఎవరు నన్ను మెచ్చుకున్నారు, ఇవన్నీ వదిలేస్తాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు వాటితో పనిలేదు. వాళ్ళకు పనికొచ్చేది ఒక మనిషి మెడ సంగతి. ముందు చెప్పేదంతా ఆ మెడ దగ్గరికి తీసుకుపోవడానికే.

కుస్తీ ఆసుపత్రి

మా ఆయన రొంపిచెర్ల రోడ్డున మిరపకాయల బస్తాలు బండి మీద తోలేవాడు. చలిజ్వరం పట్టుకుని, తగ్గుతూ తిరగబెడుతూ, ఒక వానాకాలమంతా పీడించి చివరికి మనిషిని తీసుకుపోయింది. పిల్లలు లేరు. అత్తగారింట్లో నాకు మిగిలింది వంటింటి గుమ్మం పక్కన ఒక చాప. దాని మీద పడుండలేక పేటకు వచ్చేశాను. పని అడుగుతూ తిరుగుతుంటే శేషగిరి డాక్టరు గారు కనపడ్డారు.

ఆయన పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. అక్కడ కాళ్ళూ చేతులూ దెబ్బతిన్న సిపాయిలను మళ్ళీ నడిపించడం ఆయన పని. మందులతో కన్నా కసరత్తుతోనే ఎక్కువ. ఆయన తిరిగి వచ్చినప్పుడు ఊళ్ళో అందరూ సూదిమందు డాక్టరు వచ్చాడని సంతోషించారు. ఆయన మాత్రం తాలింఖానా వెనక రెండు గదులు తీసుకున్నారు. తాలింఖానా అంటే కుస్తీ నేర్పే చోటు. ఒక గదిలో నడక నేర్పడానికి నడుమెత్తున రెండు వెదుళ్ళు కట్టారు. దూలానికి గిలకలు వేలాడదీసి, తాళ్ళకు ఇసుక సంచులు కట్టారు. ఉరి తీసే చోటులా ఉందని జనం నవ్వారు. తర్వాత కుస్తీ ఆసుపత్రి అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది.

కుస్తీ వాళ్ళు, చెడుగుడు ఆడే వాళ్ళు, పందెం గుండ్లు ఎత్తే వాళ్ళు వచ్చేవారు. బెణుకులు, జారిన భుజాలు, నీరు పట్టిన మోకాళ్ళు. పక్షవాతం వచ్చిన వాళ్ళనూ మోసుకొచ్చేవారు. నాది ఉప్పు కాపడాలు పెట్టడం, కట్లు ఉతకడం, గంజి కాయడం, మంచాన పడిన వాళ్ళను పక్కకు తిప్పడం. ఆడవాళ్ళొస్తే ఒళ్ళు పట్టేదాన్ని. విధవ మగాళ్ళ మధ్య తిరుగుతోందని మా అత్తగారి వైపు వాళ్ళు నోరు పారేసుకున్నారు. నా కంచంలో కూడు వాళ్ళు పెట్టరు గనుక వాళ్ళ మాట నేను పెట్టుకోలేదు.

డాక్టరు గారికి ఒకటే దిగులు. "ఈ పని నాతో పోకూడదు రమణమ్మా" అనేవారు. ఎల్.ఎం.పి. చదివిన కుర్ర డాక్టర్లను పిలిచి, తిండి పెట్టి, నేర్పుతానని చెప్పేవారు. వచ్చిన వాళ్ళు తక్కువ. "కండ పట్టేస్తే మంగలి నూనె రాస్తాడు గదండీ, దానికి డాక్టరెందుకు" అని వెళ్ళిపోయిన వాళ్ళే ఎక్కువ. ఉన్న వాళ్ళకు ఆయన మొదటి రోజు చెప్పే మాట ఒకటి ఉండేది. జబ్బు మనిషి డాక్టరు దగ్గరికి బాగుపడాలని వస్తాడు, మల్లుడు మాత్రం రేపు గోదాలోకి దిగాలని వస్తాడు, ఈ రెండూ ఒకటి కాదు, అందుకే అతడు మీతో అబద్ధం చెబుతాడు, అనేవారు.

బూట్లు

గోదా అంటే కుస్తీ పట్టే మట్టి. పేట తాలింఖానాలో ఆ మట్టిని జల్లించి, పసుపూ నూనే మజ్జిగా కలిపి మెత్తగా చేసేవారు. తెల్లారగానే హిందువులూ సాయిబులూ దానికి దణ్ణం పెట్టి, నుదుట పెట్టుకుని దిగేవారు. ఆడవాళ్ళను దగ్గరికి రానివ్వరు. నేనెప్పుడూ గోడ ఇవతలే. చెప్పులతో ఎవరైనా అందులోకి దిగితే ఆ మట్టి మైలపడినట్టు. పైమట్టి తీసి పారేసి కొత్తది పోసేదాకా అక్కడ ఎవరూ పట్టు పట్టరు.

ఒకరోజు పొద్దున ఒక కుర్రవాడి గొంతు కింద రెండోవాడి మోచెయ్యి పడింది. కుర్రవాడు నేల చరిచి ఓడానని ఒప్పుకోలేదు. ముఖం నీలంగా మారింది. డాక్టరు గారు బయట నిలబడి ఆపమని అరిచారు. ఎవరూ వినలేదు. పటాలం బూట్లతో అలాగే గోదాలోకి నడిచి వెళ్ళారు. పట్టు విడిపోయింది. కుర్రవాడు బతికాడు. ఊరు రెండుగా చీలింది.

సాయంత్రానికి హుసేన్ ఉస్తాద్ మనుషులను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. తాలింఖానాకు ఆయనే గురువు. పెద్ద గడ్డం, చితికిన చెవులు, చిన్న గొంతు. ఆ మనిషికి ఆ గొంతేమిటా అనిపించేది.

"ఏంది డాక్టరూ, మసీదులోకి ఇట్టనే పోతావా బూట్లేసుకుని? పోనీ మీ గుళ్ళోకి పోతావా?"

"వాడు చచ్చిపోతున్నాడు ఉస్తాద్."

"నాకు కళ్ళు లేవా? ఇంకో గుక్క చూసి నేనే విడిపించేవాణ్ణి."

"వాడికి ఇంకో గుక్క ఉందని నీకెవరు చెప్పారు?"

ఉస్తాద్ నేనిచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు బోర్లించి, అప్పుడు బేరం పెట్టాడు. "సరే. నువ్వో నీ మనిషో బూట్లతో మట్టిలో అడుగు పెడితే కుస్తీ ఆగిపోయినట్టే. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఊరూరా చెప్పిస్తా. కానీ నీ దగ్గర నేర్చుకునే కుర్ర డాక్టర్లున్నారే, వాళ్ళని నాకాడికి పంపు. మా మట్టిలో పడాల, లేవాల, నా చేత దారం కట్టించుకుని నా చేలాలవ్వాల. మా వాడైతేనే మావాళ్ళు వాడి మాట వింటారు."

డాక్టరు గారి ముఖం వెలిగిపోయింది. ఇంత మంచి బేరం మళ్ళీ దొరకదనుకున్నారు. అక్కడే ఒప్పేసుకున్నారు. నాకూ అది మంచిదిగానే తోచింది. ఎవరికి తోచదు?

దారం కట్టించుకున్న డాక్టరు

అలా వెళ్ళిన వాడు రామమోహన్. మేము చిన డాక్టరు గారు అనేవాళ్ళం. బజారులో బట్టల కొట్టున్న కోమట్ల పిల్లవాడు. తెల్లగా, మెత్తగా ఉండేవాడు. లంగోటీ కట్టి గోదాలోకి దిగిన రోజున వాళ్ళ నాన్న చేతిలో గజం బద్ద పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, నిన్ను చదివించింది మట్టిలో దొర్లడానికంట్రా? మన వీధిలో గాడిద ఏ కాలేజీలో చదివిందని దొర్లతంది?"

ఉస్తాద్ కిసుక్కున నవ్వాడు. "సేటూ, నీ కొడుకు ఒంట్లో నెయ్యి ఉంది గానీ ఎముక లేదు. నెయ్యి నువ్వు పోశావు. ఎముక నేను పెడతా, ఊరుకో."

నిజంగానే పెట్టాడు. ఆర్నెల్లు తిరిగేసరికి చిన డాక్టరు నడకే మారింది. ఎలా పడితే భుజం జారుతుందో, ఎలా పడితే జారదో ఒంటితో తెలుసుకున్నాడు. అందరి ముందూ ఉస్తాద్ అతని మణికట్టుకు ఎర్రదారం కట్టి, నోట్లో బెల్లం పెట్టి చేలాను చేసుకున్నాడు. చేలా అంటే శిష్యుడు. ఆ రోజు నుంచి ఉస్తాద్ తండ్రి, తోటి మల్లులు అన్నదమ్ములు. ఉస్తాద్ కూర్చోమంటే కూర్చోవడం, లేవమంటే లేవడం. నలుగురిలో ఆయన మాటకు ఎదురు చెప్పిన చేలా ఆ తాలింఖానాలో లేడు.

ఆ దారం వల్ల మేలు జరగలేదని అబద్ధం చెప్పను. అంతకు ముందు నొప్పి ఎక్కడ అంటే లేదనే వాళ్ళు, ఇప్పుడు అతన్ని పక్కకు పిలిచి అన్నీ చెప్పుకునేవారు. ఒకసారి గుండ్లు ఎత్తే మనిషి భుజం పట్టుకుని వచ్చాడు. చిన డాక్టరు అప్పటికే నేర్చుకున్నాడు కనక, గుండు ఎత్తవద్దని ఊరుకోలేదు. పగలంతా ఏం పని చేస్తావని అడిగాడు. పత్తి మిల్లులో బస్తాలు మోస్తానన్నాడు ఆ మనిషి. పండక్కి ఒకసారి ఎత్తే గుండు కాదు, రోజూ మోసే బస్తా ఆ భుజాన్ని తినేస్తోంది. మేస్త్రీతో మాట్లాడి అతన్ని తూకం దగ్గరికి మార్పించాడు. భుజం నయమైంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగిన మంచి మాట ఇదొక్కటే ఉంది. ఆట గురించి తర్వాత అడగండి. ముందు కూడు ఎలా సంపాదిస్తాడో అడగండి.

ఖాసిం

ఇక ఖాసిం సంగతి. బండి చక్రాలకు ఇనప పట్టాలు ఎక్కించే వాళ్ళ ఇంటి పిల్లవాడు. తండ్రి లేడు, తల్లి ఉంది. తాలింఖానాలో వాడంత మెరుపు ఇంకొకడు లేడు. నన్ను అత్తా అనేవాడు. దెబ్బ లేకపోయినా మధ్యాహ్నం గంజి కోసం వచ్చేవాడు.

"అత్తా, గంజిలో మెతుకులు ఈదులాడతన్నయ్యే. ఒకటన్నా పట్టి పెట్టరాదూ?"

"నీ పొట్టకు మెతుకులు చాలవు గానీ, ఎసరు కుండలో నువ్వే దిగు."

గురజాల వైపు ఒక ఊరి తిరునాళ్ళలో పెద్ద కుస్తీ కుదిరింది. కృష్ణ అవతలి నుంచి వచ్చే మల్లుడితో ఖాసిం పట్టాలి. ఊరి పెద్దలు తాంబూలం ఇచ్చారు, వాడు పుచ్చుకున్నాడు. తాంబూలం పుచ్చుకున్నాక దిగనన్న మల్లుడిని మళ్ళీ ఏ ఊరూ పిలవదు.

కుస్తీ కొద్ది రోజుల్లో ఉందనగా వాడు వచ్చాడు. గంజి అడగలేదు. నేను తడిక అవతల ఒక ముసలమ్మ మోకాళ్ళకు కాపడం పెడుతున్నాను. ఇవతల వాళ్ళిద్దరి మాటలు వినపడుతున్నాయి.

"అన్నా, సుత్తి జారిపోతంది."

"ఎప్పటి నుంచిరా?"

"మొన్న తల నేలకానిచ్చి మెడ మీద లేచే కసరత్తు చేస్తంటే ఉస్తాద్ నా రొమ్ము మీద కూచున్నాడు. మెడలో ఏందో టక్కుమంది. అప్పటి నించీ చేతుల్లో చీమలు పాకుతున్నయ్."

"ఏ చేతిలో?"

"రెండిట్లో."

చిన డాక్టరు గొంతు బాగా తగ్గింది. "ఖాసిం, ఇది చేతుల జబ్బు కాదురా. మెడ లోపల నరాల కట్ట నలుగుతోంది. మళ్ళీ మెడ మీద బరువు పడితే కాళ్ళూ చేతులూ పోతాయి. ప్రాణమే పోవచ్చు. నువ్వు దిగడానికి లేదు."

"తాంబూలం పుచ్చుకున్నాక దిగనంటే పిరికోడు సాకులు చెప్తన్నాడంటారు. నువ్వు ఎవరికీ చెప్పమాక. అన్నవని చెప్పుకున్నా. డాక్టరువని కాదు."

"విన్నది డాక్టరు చెవే గదరా."

"అయితే ఆ చెవి మూసుకో" అని వాడు వెళ్ళిపోయాడు.

చిన డాక్టరు చెవి మూసుకోలేదు. ఆ సాయంత్రమే శేషగిరి గారికి చెప్పాడు. ఆయన ఖాసింను పిలిపించారు, వాడు రాలేదు. ఆయనే తాలింఖానాకు వెళ్ళారు. "పెద్ద కుస్తీ ముందు కుర్రోళ్ళకి చేతుల్లోనే కాదు, ఒళ్ళంతా చీమలు పాకుతయ్ లే డాక్టరూ" అని ఉస్తాద్ నవ్వి పంపించాడు. ఇక మిగిలింది ఒకటే దారి. కుస్తీ రోజున చెప్పులతో గోదాలోకి దిగి ఆపడం.

"మీరు రండి" అన్నాడు చిన డాక్టరు. నేను అక్కడే లాంతరు తుడుస్తున్నాను.

"నేను దిగితే పటాలం డాక్టరు పొగరంటారు. నువ్వు దిగితే ఈ చదువు నేర్చుకున్న డాక్టరు దిగాడంటారు. ఈ చదువుకు పరీక్ష పెట్టే కాలేజీ ఎక్కడా లేదు రామమోహన్. ఇదే నీ పరీక్ష అనుకో."

శేషగిరి గారి మీద నాకు ఎంతో గౌరవం. నాకు కూడు పెట్టిన మనిషి. అయినా చెబుతున్నాను, ఆ మాట తప్పు. శిష్యుడికి పరీక్ష పెట్టదలుచుకుంటే కాగితం మీద పెట్టాలి. బతికున్న మనిషి మెడ మీద పెట్టకూడదు.

ఒక కాలికే

తిరునాళ్ళకు మందుల పెట్టెతో నన్ను కూడా పంపారు. గోదా దగ్గరికి ఆడవాళ్ళు పోకూడదు కనక, కాస్త ఎత్తున నిలిపిన బండి మీదే కూర్చున్నాను. అక్కడి నుంచి అన్నీ కనపడ్డాయి. దూకి వెళ్ళి ఏం చెయ్యగలిగేదాన్ని? ఒక విధవ గోదాలోకి వస్తోందంటే నన్ను మధ్యలోనే ఈడ్చి పారేసేవాళ్ళు.

చిన డాక్టరు కొత్త బూట్లతో బండి దిగాడు. నడిచి వెళ్ళి ఉస్తాద్ ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత వాళ్ళు అనుకున్న మాటలు అతనే నాకు చెప్పాడు.

"ఉస్తాద్, ఖాసింను దింపొద్దు. మెడ పాడైంది. దిగితే పోతాడు."

"నీ చెయ్యి చూపించు. ఆ దారం ఎవరు కట్టార్రా?"

"మీరే."

"అయితే కూచో."

కూర్చున్నాడు. గోదా ఒడ్డున చేలాలు ఉత్త కాళ్ళతో కూర్చోవడం ఆచారం. అలవాటుగా బూట్లు విప్పేశాడు. విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. బండి మీద నుంచి అది చూసి తొడుక్కోవయ్యా అని అరిచాను. డప్పుల్లో నా అరుపు ఎవరికి వినపడుతుంది?

ఖాసిం మట్టి నుదుట పెట్టుకుని దిగాడు. మొదట వాడిదే పైచెయ్యి. అవతలి మల్లుడు రెండుసార్లు మోకాళ్ళ మీద పడ్డాడు. జనం పైపంచెలు ఎగరేస్తున్నారు. వాడు గెలుస్తుంటే ఆపడం ఎంత కష్టమో, ఓడుతుంటే ఆపడం ఎంత తేలికో ఆలోచించండి. అయినా చిన డాక్టరు ఒక బూటు తొడుక్కోవడం చూశాను. తొడుక్కుని ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ గోదాలోకే చూస్తున్నాడు. రెండో బూటు చేతిలో ఉంది.

అప్పుడు ఖాసిం చేతుల పట్టు జారింది. అవతలివాడు నడుం దొరకబుచ్చుకుని ఎత్తాడు, తిప్పి వేశాడు. పడేటప్పుడు ఎవరికైనా చేతులు ముందుకొస్తాయి. వాడివి రాలేదు. తల మీద పడ్డాడు. పైన అవతలివాడి బరువంతా పడింది. డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. అవతలివాడే ముందు లేచి, ఖాసింను చూసి, రెండు చేతులూ ఊపి ఆపమన్నాడు.

చిన డాక్టరు ఒక కాలికి బూటుతో, ఒక ఉత్త కాలితో గోదాలోకి పరుగెత్తాడు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

మంచం

ఇసుక సంచులు తలకు రెండు వైపులా పెట్టి బండి మీద పేటకు తెచ్చాం. గుంటూరు నుంచి పెద్ద డాక్టర్లు వచ్చి చూశారు. చెయ్యగలిగింది ఏమీ లేదన్నారు. మెడ కింద నుంచి ఏదీ కదలదు. ఊపిరి పొట్టతో తీస్తున్నాడు. కళ్ళూ నోరూ మాత్రం వెనకటి ఖాసింవే.

చిన డాక్టరు వాడి మంచం వదల్లేదు. కొట్టుకు రమ్మని వాళ్ళ నాన్న వచ్చి, ఏడ్చి, వెళ్ళిపోయాడు. శేషగిరి గారు అందరి ముందూ తప్పు తనదేనన్నారు. దారం కట్టించుకోమని పంపింది తానేనన్నారు. అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

కొన్నాళ్ళకు ఉస్తాద్ వచ్చాడు. ఖాసిం నుదుటి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బయటికొచ్చాక చిన డాక్టరును అడిగాడు.

"నువ్వెందుకు దిగలేదురా?"

"మీరు కూర్చోమన్నారు ఉస్తాద్."

"నేనంటాను. నేను ఉస్తాద్‌ని, నా పిల్లోడు గెలవాలని చూస్తా, కూచోమనే అంటాను. నేను వినననే గదరా డాక్టరని నిన్ను అక్కడ పెట్టింది!"

అని అతని మణికట్టు పట్టుకుని, దారాన్ని పళ్ళతో కొరికి తెంపాడు. "నాకు నువ్వు చేలావి కాదు. నీకు నేను ఉస్తాద్‌ని కాదు. ముందే ఇట్టా చెయ్యాల్సింది" అన్నాడు. వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని మెట్లు దిగాడు. ఆ తర్వాత ఆయన ఎవరికీ కుస్తీ నేర్పలేదు.

చాలాసార్లు ఆలోచించాను. ఆ దారం లేకపోతే ఖాసిం చీమల సంగతి చెప్పేవాడే కాదు. దారం ఉండబట్టే చిన డాక్టరు లేవలేకపోయాడు. వాళ్ళకు దగ్గరగా పోకపోతే రోగం తెలియదు, మరీ దగ్గరగా పోతే చెయ్యి ఆడదు. ఎంత దూరంలో నిలబడాలో చెప్పే పుస్తకం ఉంటే మా పిల్లను చదవమంటాను. అది లేదంటోంది.

ఖాసిం ఒకరోజు నా ఎదుటే చిన డాక్టరుతో ఒక మాట అన్నాడు. "అన్నా, నీ మీద కోపం లేదని నాతో చెప్పించమాక. ఉంది. చానా ఉంది. కానీ నువ్వు తిప్పితేనే మెడ నొయ్యకుండా ఉంటది. అందుకని రోజూ రా."

రోజూ తిప్పాడు. నేను కాళ్ళ వైపు, అతను తల వైపు. ఎంత తిప్పినా వీపు మీద పుళ్ళు పడ్డాయి. ఎండాకాలం ముదిరాక జ్వరం వచ్చింది, రొమ్ము నిండా కఫం. వాడి తల్లి తడిగుడ్డతో పెదాలు తడుపుతుండగా పోయాడు. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

క్రోసూరు

తర్వాత తిరునాళ్ళ కాలం వచ్చింది. చిన డాక్టరు ఇక ఈ పని వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. క్రోసూరు నుంచి పిలుపు వస్తే బయలుదేరాడు. ఈసారి శేషగిరి గారు కూడా వచ్చి ఒడ్డున కూర్చున్నారు. ఏ పక్షానికీ మొహమాటపడకూడదని ఎవరి దగ్గరా మంచినీళ్ళు కూడా తాగలేదు. నేను బండి మీద ఉన్నాను.

కోటయ్య అని ఆ పక్క ఊరి మల్లుడు. పట్టు మధ్యలో తల నేలకు గట్టిగా తగిలి మెడ పక్కకు వంగింది. వెంటనే లేచాడు. లేచి, దిక్కు తెలియక తన వాళ్ళ వైపు కాకుండా అవతలి వాళ్ళ వైపు నడిచాడు. ఎవరో కేకేస్తే మళ్ళుకున్నాడు. మళ్ళీ పట్టు పట్టి అవతలివాణ్ణి దాదాపు వెల్లకిలా తెచ్చాడు. ఇంకొక ఊపు ఉంటే గెలుపే. అప్పుడు చిన డాక్టరు రెండు బూట్లతో నడుచుకుంటూ గోదా మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు.

కోటయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మట్టి పిడికిలితో తీసి అతని ముఖాన కొట్టాడు.

"నాకేమైందిరా? గెలుస్తన్నా గదరా! నా కూడు తీశావు గదరా!"

జనం లేచారు. మట్టి గడ్డలు, తర్వాత రాళ్ళు. ఊరి పెద్దలు అడ్డుపడకపోతే బండి దాకా వచ్చేవాళ్ళం కాదు. చిన డాక్టరు కనుబొమ చిట్లి నెత్తురు కారుతోంది. నేను గుడ్డ అదిమి పట్టుకున్నాను. బండి ఊరు దాటాక అతను అడిగాడు.

"ఆపకపోతే ఏమయ్యేదండీ?"

"తెలియదు" అన్నారు శేషగిరి గారు.

"గెలిచి, బాగానే ఇంటికి పోయేవాడేమో?"

"అయ్యుండొచ్చు."

"ఎప్పటికీ తెలియదా?"

"ఆపితే తెలియదు. ఆపకపోతేనే తెలుస్తుంది."

తెలిసింది ఎలా ఉంటుందో మేము ముగ్గురమూ చూసి ఉన్నాం.

ఆ తర్వాత మా ఆసుపత్రికి మల్లులు రావడం తగ్గింది. గెలుస్తున్న వాణ్ణి ఆపేస్తారన్న పేరు వచ్చాక ఎవరొస్తారు? నేర్చుకుంటామని కుర్ర డాక్టర్లూ రాలేదు. స్వరాజ్యం వచ్చాక కొన్నాళ్ళు నడిచి గదులు మూతపడ్డాయి. గిలకలు ఎవరో బావికి పట్టుకుపోయారు. శేషగిరి గారు కోరుకున్నట్టు ఆ చదువు నిలవలేదు.

మూతపడేదాకా జరిగింది ఒకటి చెప్పి ఆపేస్తాను. డాక్టరు ఆపిన మల్లుడని కోటయ్యను మళ్ళీ ఏ ఊరూ కుస్తీకి పిలవలేదు. కూలికి దిగాడు. సంత రోజున పేటకు మిరపకాయల మూట మోసుకొచ్చేవాడు. మా ముందు నుంచే దారి. తల మీద మూటతో, నడుం వంచకుండా వచ్చేవాడు. మా గుమ్మం ఎదురుగా రాగానే మెడ ఇటు తిప్పి, మెట్ల మీద ఉమ్మి, మళ్ళీ అటు తిప్పుకుని పోయేవాడు. నేను తిడుతూ నీళ్ళు తెచ్చి కడిగేదాన్ని.

సంత రోజున ఎంత పనున్నా చిన డాక్టరు ఆ వేళకు గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. ఒకసారి ఉండబట్టలేక, ఆ ఉమ్మేదేమన్నా చూడముచ్చటగా ఉంటుందా, లోపలికి పోరాదా అన్నాను.

"ఉమ్మి కాదు రమణమ్మా. మెడ చూస్తున్నాను" అన్నాడు.